గుండుసూదుల దొర ఆత్మకూరుకు వచ్చిన ఏడాది

చదువు పూర్తయి, ఉద్యోగం దొరికి, పెళ్ళి మాత్రం ఇంకా కాని కాలం ఒకటి చాలామంది జీవితంలో ఉంటుంది. ఆ రోజుల్లో మనిషి జేబులో పెద్దగా ఏమీ ఉండదు గాని, తలలో మాత్రం ప్రపంచం మొత్తానికి సరిపడా సమాధానాలుంటాయి. ఎవరూ అడగకపోయినా చెబుతూ తిరుగుతాడు. హోటల్లో ఇడ్లీ వచ్చేలోపల చెబుతాడు, బస్సులో పక్క సీటాయనకు చెబుతాడు, మంగలి షాపులో అద్దంలోంచి చెబుతాడు. నాకు ఆ కాలం ఆత్మకూరులో గడిచింది. తిరుపతిలో ఎకనామిక్స్ ఎమ్మే చేసి, కలువాయి దగ్గర మా పల్లెలో కొన్నాళ్ళు ఖాళీగా కూర్చుని, మా నాయన "పగలంతా ఆ ఫ్యాను కింద పడుకోని దాన్ని అరగదీస్తా ఉండావు" అన్న రోజున బయలుదేరి, ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. బస్టాండు వెనక ఒక గది, ఒక మడత మంచం, తిరుపతి నుంచి మోసుకొచ్చిన ఒక దొర. అంతే నా సంసారం.

దొర అంటే గదిలో నాతోపాటు ఉండే మనిషి కాదు. రెండున్నర శతాబ్దాల కిందట స్కాట్లాండులో బతికిన ఒక ఆర్థిక తత్వవేత్త. ఆయన పేరు మా కాలేజీ పిల్లల నోట ఏనాడూ సరిగ్గా పలకలేదు. గుండుసూదుల కార్ఖానాలో ఒకడు తీగ లాగితే, ఒకడు తుంచితే, ఒకడు మొన తీస్తే, ఇంకొకడు తల అతికిస్తే సూదులు గుట్టలుగా తయారవుతాయనీ, ఒక్కడే అన్నీ చేయబోతే రోజంతా కష్టపడ్డా చారెడు కూడా కావనీ ఆయన చెప్పిన సంగతిని నేను మొదటి వారమే పాఠంలో చెప్పాను. ఆనాటినుంచి ఆయన వాళ్ళకు గుండుసూదుల దొర. (నెల తిరిగేసరికి నేను గుండుసూది సార్ అయ్యాను. నేను సన్నగా, పొడుగ్గా, తల కొంచెం పెద్దగా ఉండడం కూడా అందుకు కొంత దోహదం చేసి ఉండవచ్చు.)

నిజానికి నన్ను పట్టుకున్నది ఆయన సూదులు కాదు, ఆయన చరిత్ర. రాజుల పేర్లూ యుద్ధాలూ లేకుండా చరిత్ర చెప్పవచ్చునని నాకు మొదట తెలిసింది ఆయన వల్లనే. మనిషి మొదట వేటాడాడు, తర్వాత మందలు కాశాడు, ఆ తర్వాత దున్నాడు, చివరికి అంగడి పెట్టాడు. నాలుగు మెట్లు. మెట్టు మారినప్పుడల్లా ఆస్తి మారుతుంది, ఆస్తితోపాటు చట్టం, ప్రభుత్వం, చివరికి మనిషి నడతా మారతాయి. వేటగాడి దగ్గర దాచుకునేదేమీ లేదు గనక అతనికి ప్రభుత్వంతో పెద్దగా పనిలేదు. ఒకడికి పెద్ద మంద ఉండి, పక్కవాడికి ఒక్క గొర్రె కూడా లేనప్పుడే కాపలా, తీర్పు, అధికారం కావలసి వచ్చాయి. ఇక ఆఖరి మెట్టు మీద ప్రతి మనిషీ ఎంతో కొంత వ్యాపారే. తన దగ్గరున్నది ఇచ్చి తనకు కావలసింది తెచ్చుకుంటాడు, ఒకే దొడ్డమనిషి కాళ్ళ దగ్గర పడి ఉండనక్కర్లేదు. మా నాయన ఊరి పెద్దాయన వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడడం చిన్నప్పుడు చూసినవాణ్ణి గనక, ఆత్మకూరు బజారులో ఎవడైనా సరే అంగడి ముందు నిలబడి "ఇది బాగలా, ఇంకోటి చూపీ" అనగలగడం నాకు పెద్ద స్వాతంత్ర్యంగా కనిపించేది. సాయంత్రాలు ఏమీ కొనకుండా బజారంతా తిరిగి ఆ మాట చెవులారా విని వచ్చేవాణ్ణి.

నా దొరకు ఆత్మకూరులో ఎదురైన మొదటి ప్రత్యర్థి హిస్టరీ మేడం. నాకంటే ఒక ఏడాది ముందు చేరింది. రోజూ ఉదయగిరి నుంచి మొదటి బస్సుకు వచ్చేది. స్టాఫ్‌రూమ్‌లో మా ఇద్దరికీ ఎదురెదురు కుర్చీలు, మధ్యలో ఒక కాలు పొట్టిదైన బల్ల. నేను నాలుగు మెట్లూ వివరించి, చప్పట్లు కొట్టకపోయినా కనీసం తల ఊపుతుందని ఎదురుచూస్తుంటే, ఆమె టిఫిన్ డబ్బా మూత పెడుతూ అడిగింది:

"అంతా బాగుండాది సార్. పై మెట్టు ఎక్కినోళ్ళు కింద మెట్టు ఖాళీ చేసి ఎక్కినారా?"

"అంటే?"

"నేనొచ్చే బస్సులో చూస్తా ఉండాను గదా. చెరువులో వల లాగినాయన చేపల బుట్టతో ఎక్కతాడు. కాస్త దూరం పోతే గొర్రెల మంద అడ్డమొచ్చి బస్సు ఆగతాది. నాట్లకి పొయ్యే ఆడోళ్ళు దారంతా ఎక్కతా దిగతా ఉంటారు. వెనక సీట్లో షావుకారు మూటల మీద కాళ్ళు పెట్టుకోని నిద్రపోతా ఉంటాడు. మీ నాలుగు మెట్లూ ఒకే బస్సులో టికెట్ తీసుకోని కూసోనుండాయి సార్."

"అది పరివర్తన దశ మేడం" అన్నాను గంభీరంగా. (మా శాస్త్రంలో ఈ మాటకు 'జవాబు తెలియదు' అని అర్థం.)

ఆ రోజునుంచి మాకు వాదన లేని మధ్యాహ్నం లేదు. వాదనలో గెలవాలని రాత్రంతా పుస్తకం తిరగేసేవాణ్ణి, తెల్లారి ఆమె ముందు కూర్చోగానే ఓడిపోతే బాగుండుననిపించేది. ఆమె నవ్వేముందు కింది పెదవిని పళ్ళతో ఒకసారి నొక్కి పట్టేది, నవ్వును కాసేపు ఆపి చూద్దామన్నట్టు. ఉదయగిరి బస్సు ఆలస్యమైన రోజున నా దొర కూడా నీరసపడిపోయేవాడు.

ఒకసారి సూదుల సంగతి మళ్ళీ ఎత్తితే, "ఆ గుండుసూదులు మీరు చూసినారా, నేను చూసినానా? ఆదివారం మా ఇంటికి రండి, చెంచాలు చూపిస్తా" అంది. ఉదయగిరి చెక్క చెంచాలు మీరు చూసే ఉంటారు. వాళ్ళింట్లో అదే పని. వెళ్ళాను. వరండాలో వాళ్ళమ్మ చెక్క ముక్కకు ఆకారం తెస్తోంది, మేడం అక్క చెంచా గుంట తొలుస్తోంది, ఖాలా అని పిలిచే పిన్నమ్మ గరుకు కాగితంతో నునుపు చేస్తోంది, ఇంకొకావిడ పిడి మీద పువ్వు చెక్కుతోంది. పుస్తకంలోది కళ్ళముందు కనిపించేసరికి నేను చెప్పులు విప్పడం కూడా మరచిపోయి, "శ్రమ విభజన! శ్రమ విభజన!" అని అరిచాను. వాళ్ళమ్మ కంగారుపడి, "ఏంది బిడ్డా, సార్‌కి ఏమన్నా కుట్టిందా?" అని అడిగింది. "లేదమ్మీ, సార్ సంతోషంగా ఉండాడు" అని మేడం సర్దిచెప్పింది. నాకు సేమియా పెట్టారు. ఒకే పని జీవితమంతా చేసేవాడి బుద్ధి మొద్దుబారుతుందని దొర దిగులుపడ్డాడనే సంగతి నాకు సేమియా తింటూ గుర్తొచ్చింది గాని, ఖాలా వైపు చూస్తే ఆ మాట నోటికి రాలేదు. ఆవిడ చేతులు చెంచా మీదా, మనసు మొత్తం స్పీకర్‌లో పెట్టిన ఫోన్ మీదా ఉన్నాయి. కడపలో ఎవరిదో పెళ్ళిలో బిర్యానీ ఎందుకు చాలలేదో అవతలివాళ్ళని నిలదీస్తోంది. సెల్‌ఫోన్ వస్తుందని దొరకు ఎవరూ చెప్పి ఉండరు.

తిరిగి వచ్చే బస్సు కోసం నిలబడినప్పుడు మేడం కొండమీది కోటను చూపించి, "ఆ గోడలు కట్టినోళ్ళంతా ఏమైనారంటాడు మీ దొర?" అని అడిగింది. యూరప్‌లో పెద్ద పెద్ద ప్రభువులు వ్యాపారులు తెచ్చిన వజ్రాల బకిల్స్‌కీ, తళుకుబెళుకు సరుకుకీ ఆశపడి, తమ అన్నం తిని తమకోసం కత్తిపట్టే మనుషుల్ని వదులుకున్నారనీ, అలా వాళ్ళకు తెలియకుండానే అధికారం చేజారి మామూలు మనిషికి స్వేచ్ఛ వచ్చిందనీ చెప్పాను. ఆమె కోటవైపు చూసి, "బకిల్ అంటే బెల్టుకి పెట్టుకునేదా? ఇంత కోట బెల్టుకి పోయిందా సార్!" అంది. ఈసారి నవ్వును ఆపలేకపోయింది. బస్సు వచ్చింది, ఎక్కాను. ఎక్కకుండా ఉండడానికి ఒక్క కారణమైనా తోచలేదే అని దారంతా బాధపడ్డాను.

ఆ ఏడాది కాలేజీ వార్షికోత్సవం ముందు కరస్పాండెంట్ గారు నన్ను పిలిచారు. ఆయనకు బజారులో హోల్‌సేల్ అంగడి ఉంది. కాలేజీని కూడా అదే కంటితో చూసేవారు. అడ్మిషన్లు పెరిగితే "ఈ ఏడు గిరాకీ బాగుండాది" అనేవారు. "ఏంది సారూ, ప్రతి ఏడూ ఆ డాన్సులేనా? చదువు కనపడేట్టు ఏదన్నా చెయ్యండి" అన్నారు. మా దొర చరిత్రను నాలుగు అంకాల నాటకంగా వేస్తానని చెప్పాను. నాలుగో మెట్టు వ్యాపారమని వినగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే షావుకారే అందరికన్నా పైన ఉండాడన్నమాట. ఎవరు సారూ ఆ దొర, మంచోడుగా ఉండాడే! నాలుగో దానికి సరుకంతా మన అంగట్లోదే. పేరు మాత్రం జనానికి కనపడాల." తలుపుదాకా వచ్చి ఇంకో మాట కూడా అన్నారు: "బజారు పెద్దోళ్ళంతా ముందు వరసలో ఉంటారు. బాగా జరిగితే మిమ్మల్ని పర్మినెంట్ చేస్తా. తేడా వస్తే జూన్‌లో ఇంకో సార్ వస్తాడు." ఉద్యోగం పోతే మా నాయన ఫ్యాను సంగతి ఎలాగూ ఉంది. అంతకంటే, కాలు పొట్టి బల్లకు ఇవతలి పక్క ఇంకెవడో కూర్చోవడం నేను ఊహించలేకపోయాను.

అందుకే ఏ లోటూ రాకూడదనుకున్నాను. గొర్రెలకు పిల్లల మీద దుప్పట్లు కప్పితే చాలని మేడం చెప్పింది. "వాస్తవికత ముఖ్యం" అన్నాను నేను. మా అమ్మకు వరసకు తమ్ముడయ్యే మామ ఒకాయన మర్రిపాడు దగ్గర గొర్రెలు మేపేవాడు. అడగ్గానే అరడజను గొర్రెల్నీ, ఒక పొట్టేలునీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చేశాడు. కథ చెప్పే దొర వేషం నాదే. కోటు బ్యాండుమేళం వాళ్ళ దగ్గర తెచ్చాం. ఎర్రది, భుజాల మీద బంగారు కుచ్చులతో ఉంది. (స్కాట్లాండులో తత్వవేత్తలు పెళ్ళి ఊరేగింపులకు వెళ్ళేవారనిపిస్తే అది నా తప్పు కాదు, మిగతా కోట్లన్నీ పొట్టివి.) తలకు దొరల పద్ధతిలో తెల్లజుట్టు కావాలి గనక, దూదిని మైదా జిగురుతో టోపీ మీద ఉంగరాలుగా అతికించారు. మేడం తెర పక్కన నిలబడి పిల్లలకు మాటలు అందించాలి.

మొదటి మెట్టు చక్కగా నడిచింది. విల్లంబులు పట్టుకున్న మా ఇంటర్ కుర్రాళ్ళు కనిపించని జింకను వేటాడి వెళ్ళిపోయారు. చప్పట్లు. రెండో మెట్టుకు గొర్రెలు వచ్చాయి. మామ రాకపోతే అవి కదలవని తేలి, ఆయనా వాటితో వచ్చాడు. జనం ఈలలు వేశారు. మందలు కాసే యుగంలో మామ జేబులో ఫోన్ మోగింది. ఆయన తీసి, "స్టేజీ మీదుండా, మళ్ళా చెయ్యి" అని పెట్టేశాడు. అక్కడిదాకా పరవాలేదు. నేను చెయ్యెత్తి, "మానవజాతి రెండవ మెట్టును దాటుచున్నది! మందలు నిష్క్రమించుగాక!" అన్నాను. మందలు నిష్క్రమించలేదు. మళ్ళీ అన్నాను. మామ నా చేతిలో మైకు ఉందని కూడా చూడకుండా దగ్గరికి వచ్చి, "యాడికి పోతాయి అల్లుడా? అవతల పచ్చటి మేత పెట్టినారు గదా, వాటికి వాసన తగల్దా?" అన్నాడు. ఆ మాట మైదానమంతా వినిపించింది.

మేత అంటే మూడో మెట్టు. తెర వెనక ఆడపిల్లలు వరినారు కట్టలు పట్టుకుని పాటకు సిద్ధంగా ఉన్నారు. గొర్రెలు తెర కిందనుంచి దూరి వ్యవసాయ యుగంలో ప్రవేశించాయి. పిల్లలు కెవ్వుమని, చేతిలోని నారుకట్టలతోనే వాటిని కొట్టారు. అవి కొట్టిన కట్టను కొట్టినట్టే తినేశాయి. వేషం అయిపోయి పక్కన ఊరికే నిలబడ్డ వేటగాళ్ళు ఇంత మంచి అవకాశం వదులుకోలేదు. "సార్, మేం పట్టుకుంటాం!" అంటూ విల్లంబులతో సహా దూకారు. దాంతో పొట్టేలు బెదిరి, తెర చించుకుని నాలుగో మెట్టులో పడింది. గోపురంలా పేర్చిన నూనె డబ్బాలు దొర్లాయి, వేరుశెనగ మూట పిగిలింది. ముందు వరసలో కరస్పాండెంట్ గారు లేచి నిలబడి "మూట! సారూ, మూట!" అని అరుస్తున్నారు. నేను మూటకు అడ్డంగా వెళ్ళాను. పొట్టేలు మూటను వదిలి నా మొహంలోకి చూసింది. మైదా జిగురు వాసన దానికి ఎంత దూరం నుంచి వచ్చిందో తెలియదు. నేను వంగిన క్షణంలో నా తెల్లజుట్టును పళ్ళతో అందుకుని, అక్కడే నిలబడి శాంతంగా నమలసాగింది.

ఇక అయిపోయిందనుకున్నాను. జూన్, మా నాయన, ఫ్యాను, అన్నీ కనిపించాయి. అప్పుడు ముందు వరసలోంచి బజారు పెద్ద ఒకాయన స్టేజీ దగ్గరికి వచ్చి, పొట్టేలు వీపు తడిమి, "ఎవరిదయ్యా ఇది? బలంగా ఉండాదే. ఇస్తావా?" అని మామను అడిగాడు. మామ చొక్కా సర్దుకుని, "గిట్టితే ఇస్తా" అన్నాడు. బేరం మొదలైంది. మైదానమంతా చెవులు రిక్కించింది. నా పాఠాన్ని ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

ఆ బేరం మధ్యలోకి మేడం వచ్చింది. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వచ్చి, నా చేతిలోంచి మైకు తీసుకుంది. "అయ్యా, అమ్మా, సార్ చెప్పిన నాలుగు మెట్లూ ఇప్పుడు మీ ముందే ఉండాయి. వేటగాళ్ళు పరిగెత్తతా ఉండారు, మంద మేస్తా ఉండాది, పంట పోయిందని మా పిల్లలు ఏడస్తా ఉండారు, బేరం జరగతా ఉండాది. దూరంగా ఉండే దేశంలో ఒకటైపోయినాక ఒకటి వచ్చినాయేమో, మన దగ్గర అన్నీ కలిసి ఒకే స్టేజీ మీద బతకతా ఉండాయి. ఇదే మన చరిత్ర. నాటకం సమాప్తం" అని దణ్ణం పెట్టింది. జనం చప్పట్లతో హోరెత్తించారు. అంతా ముందే అనుకుని చేశామనుకున్నారు. తెర మూయబోతే పడలేదు, దాని అంచు పొట్టేలు కాళ్ళ కింద ఉంది.

మర్నాడు కరస్పాండెంట్ గారు మా ఇద్దర్నీ పిలిచారు. "చివర్లో మేడం చెప్పినారే, అది ముందే రాసుకున్నదేనా సారూ?" అని అడిగారు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. "రాసుకున్నదే సార్. రిహార్సల్ కూడా చేసినాం" అంది మేడం చప్పున. "గొర్రెలకి కూడానా?" "వాటికే ఎక్కువ చేసినాం సార్." ఆయన పెద్దగా నవ్వారు. బజారంతా సెల్‌ఫోన్లలో ఆ వీడియోనే తిరుగుతోందట, అందులో అంగడి పేరు స్పష్టంగా కనపడుతోందట. నా ఉద్యోగం నిలిచింది. బయటికి వచ్చి వరండాలో మెట్ల మీద కూర్చుని ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. పిల్లలు తరగతి గదుల్లోంచి తొంగి చూశారు. జీవితంలో ఆ తర్వాత చాలాసార్లు నవ్వాను, ఆ నవ్వు మాత్రం మళ్ళీ రాలేదు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "మీ దొరని గెలిపించాలనే చూసినాను సార్, గొర్రెలు పడనియ్యలా" అంది. నా మనసులో మాట అప్పుడు చెప్పి ఉండాల్సింది. అయితే ఇంకో మంచి సమయం వస్తుందనుకున్నాను. ఆ వయసులో సమయం అంగట్లో సరుకులా కనిపిస్తుంది, అడిగినప్పుడల్లా లోపలినుంచి తెచ్చి ఇస్తారని.

వేసవిలో ఆమెకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, పార్వతీపురం వైపు, రాష్ట్రం ఆ చివర. నెల్లూరులో రైలెక్కడానికి వెళుతూ ఆత్మకూరులో బస్సు మారుతుందని తెలిసి స్టాండుకు వెళ్ళాను. తోడు వచ్చిన ఆమె తమ్ముడు నీళ్ళ సీసా కోసం దిగాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఏం చెప్పాలో ముందే నిశ్చయించుకున్నాను. దొర అంగళ్ళ గురించి రాయకముందే మనిషి మనసు గురించి రాశాడు. ఎదుటివాడి స్థానంలో మనల్ని ఊహించుకునే సానుభూతి నుంచే మంచితనం పుడుతుందన్నాడు, మనిషికి ప్రేమించబడడమే కాదు, ప్రేమకు తగినవాడుగా ఉండాలనే కోరిక కూడా ఉంటుందన్నాడు. అక్కడినుంచి నా సంగతికి రావడం ఒక్క అడుగే. అయితే లెక్చరర్‌ని గదా, ఉపోద్ఘాతం లేకుండా ఎలా? ఆయన చిన్నతనం, ఆయన గురువు, ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయం పరిస్థితులు, అన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చాను. ఆమె చెయ్యి కిటికీ ఊచ మీద ఉంచి, రెప్ప వేయకుండా వింది. ఒక్కసారి కూడా ఎదురు వాదించలేదు. అది చూసైనా నాకు అర్థం కావలసింది.

"సార్, బస్సు కదలతా ఉండాది" అంది.

"అసలు విషయానికి వస్తున్నాను మేడం."

"చెప్పండి."

బస్సుతోపాటు నాలుగడుగులు నడిచాను. నోట్లోంచి "సానుభూతి సిద్ధాంతానికి రెండు భాగాలున్నాయి" అనే వాక్యం వచ్చింది. ఆమె కింది పెదవిని నొక్కిపట్టి, తల బయటికి పెట్టి, "రెండోది ఫోన్‌లో చెప్పండి సార్" అంది. బస్సు నెల్లూరు రోడ్డెక్కింది. ఫోన్ చేశాను, చేయకపోలేదు. అక్కడ ఎండలు ఎలా ఉన్నాయని అడిగాను. ఎక్కువేనంది.

ఇప్పుడు నేను ఇంకో ఊళ్ళో, ఇంకో కాలేజీలో ఉన్నాను. ఇల్లూ పిల్లలూ అన్నీ బాగానే ఉన్నాయి, ఫిర్యాదేమీ లేదు. ఆమె కూడా ఎక్కడో బాగానే ఉందని వింటుంటాను. అయినా అప్పుడప్పుడు ఆ ఎండలో, ఆ బస్టాండులో, డీజిల్ పొగ మధ్య వేలు పైకెత్తి ఖాళీ రోడ్డుకు సిద్ధాంతం రెండో భాగం వివరిస్తూ నిలబడిపోయిన ఆ పొడుగు కుర్రాడు కళ్ళముందుకు వస్తాడు. నాకు వాడిమీద కోపం రాదు. ఎదురుపడితే భుజం మీద చెయ్యి వేసి, పక్క బంకులో ఒక టీ ఇప్పించి, "ఏం పరవాలేదులేరా, చాలా బాగా చెప్పినావు" అని అబద్ధం చెప్పాలనిపిస్తుంది.